నలభై వేల బొమ్మ అంచు

మా నాన్నకి విజయవాడ గవర్నరుపేటలో ఫోటో ఫ్రేములు కట్టే షాపు ఉండేది. లోపల ఇద్దరు నిలబడితే మూడో మనిషి వీధిలో ఆగాల్సిందే, అంత షాపు. దేవుళ్ళ పటాలు, పెళ్ళి ఫోటోలు, పోయినవాళ్ళ ఫోటోలు, అన్నీ మా చేతుల మీదుగానే అద్దం వెనక్కి వెళ్ళేవి. నాన్న కుడిచెయ్యి వణకడం మొదలయ్యాక కోత పని నాకు వచ్చింది. అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్ళు. ఆడపిల్ల అద్దం కోస్తోందని పని లేనివాళ్ళు కూడా ఆగి చూసేవాళ్ళు. చూడనిచ్చేదాన్ని. అద్దం మీద గానీ కాగితం మీద గానీ నా గీత వంకర పోయేది కాదు. ఆ గర్వం నాకు దండిగా ఉండేది, నన్ను ముంచిందీ అదే.

ఎమర్జెన్సీ రావడానికి ఏడాది ముందు సంగతి ఇది. ఊళ్ళో కిరసనాయిలుకీ క్యూ, పంచదారకీ క్యూ. పొద్దున్నే ఖాళీ డబ్బాలు వరసలో పెట్టి మనుషులు అరుగుల మీద కూర్చునేవాళ్ళు. కంకిపాడు రోడ్డులో ఒక పెద్ద బియ్యం మిల్లు ఉండేది. అందులో హమాలీలు పని ఆపేసి అప్పటికి పది రోజులు. బస్తాకి ఐదు పైసలు ఎక్కువ ఇమ్మని అడిగారు. మిల్లు నష్టాల్లో ఉంది, ఒక్క పైసా పెంచలేనని యజమాని తెగేసి చెప్పాడు.

ఆ హమాలీల మేస్త్రీ మా చర్చికే వచ్చేవాడు. యాభై దాటిన మనిషి, నేను బాబాయ్ అని పిలిచేదాన్ని. వాళ్ళావిడ పోయి ఆ శనివారానికి ఏడాది నిండుతుంది. కృష్ణలంకలో వాళ్ళింటి దగ్గర జ్ఞాపకార్థ కూడిక పెట్టుకున్నారు. పిన్ని బతికుండగా విడిగా ఫోటో దిగలేదు. ఎవరి పెళ్ళిలోనో వెనక వరసలో నిలబడ్డ ఫోటో ఒకటుంటే, అందులోంచి ఆమె మొహం ఒక్కటీ స్టూడియోలో పెద్దది చేయించి, ఫ్రేము కట్టమని తెచ్చిచ్చాడు.

"సమ్మె అయ్యాక ఇత్తానండి డబ్బులు," అన్నాడు నాన్నతో.

"ముందు కూడిక కానీరా. డబ్బులెక్కడికి పోతాయి," అన్నాడు నాన్న.

అదే వారం, బుధవారం నాడు, మిల్లు గుమాస్తా కారులో దిగాడు. ఫ్రేముల షాపు ముందు కారు ఆగడం మా వీధిలో వింతే. ఆయన చేతిలో చుట్టచుట్టిన దళసరి కాగితం ఉంది. "అయ్యగారు బొంబాయిలో కొన్నారండి. ఆదివారం కొత్తింట్లో గృహప్రవేశం, హాల్లో గోడకి పెట్టాలి. నల్లబద్ద చాలు, పూలూ లతలూ వద్దన్నారు," అని చెప్పి వెళ్ళిపోయాడు. ఎంతకి కొన్నారో ఆయన చెప్పలేదు, మేమూ అడగలేదు. బొమ్మ ఖరీదుతో మాకు పని లేదు. మాకు కావలసింది దాని పొడుగూ వెడల్పూ.

విప్పి చూశాను. నల్ల సిరాతో కుంచెతో వేసిన బొమ్మ. బస్తా మోస్తున్న మనిషి, అంతే. మొహం కూడా లేదు. మధ్యలో ఆ మనిషి, చుట్టూ బోలెడంత తెల్ల కాగితం. కింద అయితే జానెడు ఖాళీ.

ఇక్కడ మా షాపు పద్ధతి ఒకటి చెప్పాలి. ఫ్రేము బద్ద మేం అడుగుల లెక్కన అమ్ముతాం. పటం ఎంత పెద్దదైతే బద్ద అంత పడుతుంది, అద్దం అంత పడుతుంది. అందుకని క్యాలెండరు పటం గానీ ఫోటో గానీ వస్తే, చుట్టూ ఉన్న తెల్ల అంచు కోసేసి, బొమ్మ వరకే కట్టడం మాకు అలవాటు. మనిషికి ఒకటో రెండో అడుగులు కలిసొస్తాయి. అడిగితే చేసే పని కాదు అది, అడక్కుండా చేసే మర్యాద. వేరే షాపుల వాళ్ళు అంచుతో సహా కట్టి బద్ద డబ్బులు గుంజుతారని నాన్న చీదరించుకునేవాడు.

గురువారం నాన్న బద్దలు కొనడానికి వన్‌టౌన్ వెళ్ళాడు. నేను ఆ బొమ్మని బల్ల మీద పరిచి, ఉక్కు స్కేలు ఆనించి, నాలుగు వైపులా నాలుగు కోతలు కోశాను. కింది అంచు మూలన పెన్సిలుతో ఏదో గీత ఉంది. కాగితాల కొట్టువాళ్ళు దస్తాల మీద అలాగే ఏవో అంకెలు గిలుకుతారు, అదీ అలాంటిదే అనుకున్నాను. కత్తి సూటిగా నడిచింది. మిల్లు షావుకారుకి మూడడుగుల బద్ద మిగిల్చానని నాకు నేనే మెచ్చుకున్నాను కూడా.

ఆ తరవాత పిన్ని ఫోటో పట్టుకున్నాను. అద్దం, ఫోటో, వెనక అట్ట పెట్టి చిన్న మేకులు కొట్టాక, ఊపి చూస్తే లోపల టకటకమంది. అట్టకీ మేకులకీ మధ్య సందు మిగిలితే అంతే. సందులో ఏదైనా దళసరి కాగితం మడిచి దూరుస్తాం. ఎదురుగా బల్ల మీద ఆ అంచు ముక్కలున్నాయి. అంత మంచి కాగితం మా షాపులోకి ఎప్పుడూ రాలేదు. కింది అంచు వెడల్పుగా ఉంది కదా అని, దాన్నే ఒక్క మడత పెట్టి దూర్చాను. టకటక ఆగిపోయింది. సాయంత్రం బాబాయ్ వచ్చి ఫోటో పట్టుకెళ్ళాడు.

శుక్రవారం పొద్దున్నే పేపర్లో పడింది. పది రోజులుగా పని ఆగిన మిల్లు యజమాని బొంబాయి వేలంలో ఒక బొమ్మని నలభై వేలకి పాడుకున్నాడని. బస్తా మోసే కూలీ బొమ్మ అని కూడా రాశారు. టీకొట్టు దగ్గర ఒకాయన గట్టిగా చదువుతుంటే జనం మూగారు. నలభై వేలంటే అప్పట్లో మా వీధిలో డాబా ఇల్లు కొనుక్కోవచ్చు. కిరసనాయిలు క్యూలో నిలబడ్డ ఆడవాళ్ళు కూడా అదే మాట. నాకూ ఒళ్ళు మండింది. ఐదు పైసలకి లేవుగానీ దీనికి ఉన్నాయా అని నేనూ నలుగురితో పాటు తిట్టాను. తిడుతూ షాపులోకి వచ్చి, ఆ బొమ్మకే అద్దం తుడవడానికి కూర్చున్నాను.

మధ్యాహ్నం గుమాస్తా రొప్పుతూ వచ్చాడు. ఈసారి కారు లేదు, రిక్షా.

"పేపరు చూశారా? జనం కోపంగా ఉన్నారండి. రేపు సాయంత్రం తీసుకెళ్ళిపోతా, ఈలోగా ఎవరికీ చూపించకండి. జాగ్రత్తండోయ్, కింద మూలన పెన్సిలు సంతకం ఉంది చూశారా? దాని ఖరీదంతా అదేనంట. అది లేకపోతే ఉత్త కాయితమేనని మా అయ్యగారు మరీ మరీ చెప్పారు."

నాన్న తలూపాడు. గుమాస్తా వెళ్ళాక నేను బల్ల కింద చెత్తబుట్ట కుమ్మరించాను. మూడు అంచులు దొరికాయి, మూడూ ఖాళీవే. నాలుగోది ఎక్కడుందో నాకు వెతకకుండానే తెలుసు. కృష్ణలంకలో, పిన్ని మొహం వెనక.

నాన్నకి చెబుదామని నోరు తెరిచేలోగా వీధి చివర నుంచి నినాదాలు వినిపించాయి. బొమ్మ మా షాపులో ఉందని ఎవరు చెప్పారో, ఊరేగింపు తిన్నగా మా ముందుకే వచ్చి ఆగింది. అరవై డెబ్బై మంది హమాలీలు, వాళ్ళ వెనక ఊళ్ళో జనం. బాబాయ్ ముందు వరసలో ఉన్నాడు.

"బొమ్మ బయటికి తియ్యండి! సెంటర్లో తగలేత్తాం!" అని ఒక కుర్రాడు అరిచాడు. బాబాయ్ తమ్ముడి కొడుకు అతను, అదే మిల్లులో హమాలీ.

నాన్న గడపలో నిలబడ్డాడు. వణికే చేతిని రెండో చేత్తో పట్టుకున్నాడు. "షాపుకొచ్చిన వస్తువు వచ్చినట్టు తిరిగి వెళ్ళాలి. ఇది మీది కాదు, నాదీ కాదు. నన్ను దాటి తీసుకోండి," అన్నాడు.

వచ్చినట్టు అన్న మాట నన్ను కోసింది.

"తగలెయ్యొద్దులే," అన్నాడు బాబాయ్. "మమ్మల్నే గీశాడంట గదండీ. ఒక్కసారి చూపిత్తే చూసి పోతాం."

నాన్న ఆలోచించి, లోపలికి వచ్చి, బొమ్మని రెండు చేతులతో ఎత్తి పట్టుకుని గడపలో నిలబడ్డాడు. అద్దం ఎండకి మెరుస్తుంటే కొంచెం వంచాడు. ఆ మూల సంతకం లేదని ఆ జనంలో తెలిసింది నాకొక్కదానికే. నాన్నకీ తెలియదు. ఎవరో ఒకరు సంతకం ఏదని అడుగుతారని ఒక్కొక్క మొహమే చూస్తూ నిలబడ్డాను.

అందరూ మెడలు చాచి చూస్తున్నారు. చివరికి ఒక ముసలి హమాలీ అన్నాడు, "ఈడు బస్తా నెత్తిన ఎట్టుకున్నాడేంట్రా బిందెలాగ? డెబ్బై అయిదు కిలోలు నెత్తినెట్టుకుంటే మెడ నిలబడుద్దా?"

"బస్తాలో దూది పోసుంటారు మామా," అన్నాడు ఇంకొకడు.

నవ్వులు లేచాయి. ఒక్క క్షణం గండం గడిచిందనుకున్నాను. అంతలో ఆ కుర్రాడే, నవ్వకుండా, అందరికీ వినపడేలా అన్నాడు, "దూది మోసే ఈడికి నలభై ఏలు. వడ్లు మోసే మనకి ఐదు పైసలు లెవ్వంట."

నవ్వు ఆగిపోయింది. రాయి ఎటు నుంచి వచ్చిందో చూడలేదు. గోడకి ఆనించిన అద్దాల పలకలు రెండు భళ్ళున పగిలాయి. నాన్న బొమ్మని గుండెకి అదుముకుని కూలబడ్డాడు. జనం ఒక్క అడుగు ముందుకేశారు. బాబాయ్ వెనక్కి తిరిగి రెండు చేతులూ చాచి అడ్డంగా నిలబడ్డాడు.

"మా ఇంటిదానికి పటం కట్టిన కొట్రా ఇది! ఈ కొట్టు మీద రాయేత్తారా? కోపముంటే మిల్లుకాడికి నడండి!"

వాళ్ళు తిట్టుకుంటూ నడిచారు. ఊరేగింపు మలుపు తిరిగాక, గాజుముక్కలు ఊడుస్తూ నాన్నకి అంతా చెప్పాను. తిడితే బాగుండేది. నాన్న అద్దం మీంచే ఆ తెగిన అంచు వెంట వేలు నడిపించాడు.

"నేను వెళ్ళనా?" అన్నాడు చివరికి. మళ్ళీ తనే, "వద్దు. కోసిన చెయ్యే వెళ్ళి అడగాలి," అన్నాడు.

శనివారం పది గంటలకి కృష్ణలంక వెళ్ళాను. సంచిలో చిన్న సుత్తి, పట్టకారు, నాలుగు మేకులు. జ్ఞాపకార్థ కూడికకి పనిముట్లతో వెళ్ళినదాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను. ఇంటి ముందు తాటాకు పందిరి, చాపల మీద హమాలీల కుటుంబాలన్నీ ఉన్నాయి. కుర్చీలో పిన్ని ఫోటో, దానికి చేమంతి దండ. పాస్టరుగారు వాక్యం చదువుతున్నారు. అందరూ కళ్ళు మూసుకున్నారు. నేను మూసుకోలేదు. నా చూపంతా ఫ్రేము మీదే. ఆవిడ కోసం అని వెళ్ళి, ఆవిడ వెనకున్న కాగితం కోసం కాచుకు కూర్చున్నాను. ఇప్పటికీ ఆ ప్రార్థన తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఆమెన్ అయ్యాక, టీలు ఇస్తుండగా, బాబాయ్‌ని పక్కకి పిలిచి చెప్పాను. ఒక్క ముక్క దాచలేదు. ఆయన వింటూ కుర్చీ వైపు చూశాడు. నా వెనక ఆ కుర్రాడు ఉన్నాడని చూసుకోలేదు. అతను రెండంగల్లో వెళ్ళి, దండతో సహా ఫోటో ఎత్తి గుండెకి పెట్టుకున్నాడు.

"నలభై ఏలు మనింట్లోనే ఉన్నాయి పెదనాన్నా! ఇది లేపోతే ఆయన బొమ్మ ఉత్త కాయితమంట! రమ్మను. ఇక్కడికొచ్చి ఈ చాప మీద కూచుని అడగమను. ఐదు పైసలు ఒప్పుకున్నాకే ఇద్దాం!"

టీ గ్లాసులు పట్టుకున్నవాళ్ళంతా లేచి నిలబడ్డారు. పాస్టరుగారు శాంతి, శాంతి అంటున్నారుగానీ ఎవరూ వినడం లేదు. అతని మాటలో అన్యాయమేమీ లేదు. పది రోజులుగా పస్తులుంటున్నవాళ్ళకి మొదటిసారి చేతికి ఏదో చిక్కింది. అది చిక్కింది నా మూలంగా, లాక్కోవడానికి వచ్చింది కూడా నేనే.

"ఇవ్వకపోతే మీ నాన్నని ఏం జేత్తారు?" అని బాబాయ్ అడిగాడు.

"పోలీసు కేసు పెడతారు బాబాయ్. నలభై వేలు కట్టమంటారు. షాపు అమ్మినా రావు."

"మీ నాన్నే పంపాడా నిన్ను?"

"కోసిన చెయ్యే వెళ్ళి అడగాలన్నాడు."

నాకు ఏడుపు వచ్చేసింది. ఆపుకోవాలని కూడా అనుకోలేదు. ఏడిస్తే పని అవుతుందని నాలో ఏ మూలో తెలుసేమో, అది ఇప్పుడు చెప్పలేను. బాబాయ్ ఆ కుర్రాడి దగ్గరికి వెళ్ళి చెయ్యి చాచాడు.

"ఇలా తే. అది మీ పెద్దమ్మ పటం. బేరానికెట్టే వస్తువు గాదు."

"పెద్దమ్మ ఉంటే నా మాటే అనేది!"

"అనేదేమో. ఇప్పుడు లేదుగా. తే."

కుర్రాడు ఇచ్చాడు. ఇచ్చి, నా ముందుకొచ్చి నిలబడ్డాడు. అరవలేదు. "నీకున్నది ఒక్క నాన్న. ఇక్కడ ఎనభై ఇళ్ళు," అన్నాడు.

చాప మీద కూర్చుని, అంతమంది చూస్తుండగా ఫోటో బోర్లించి, మేకులు పీకాను. మడత పెట్టిన అంచు బయటికి వచ్చింది. మూలన పెన్సిలు సంతకం చెక్కు చెదరలేదు. ఆడవాళ్ళు వంగి వంగి చూశారు. "ఇదేనా?" అంది ఒకామె. సందులోకి వాళ్ళింట్లో ఉన్న పాత న్యూసు పేపరు మడిచి దూర్చి, మేకులు కొట్టాను. దండ మళ్ళీ బాబాయే వేశాడు.

మధ్యాహ్నం మూడింటికల్లా ఆ అంచుని మైదా జిగురుతో బొమ్మకి అతికాను. వెనక పల్చటి కాగితం వేసి, కొత్త అద్దం కోసి, కొత్త బద్దలు కట్టాను. కత్తి సూటిగా నడిచింది కాబట్టి అతుకు కలిసిపోయింది. మడత గీత మాత్రం ఉంది, చూసేవాళ్ళకి కనిపించేదే. మిగతా మూడు అంచులు అతకడానికి టైము లేదు. గుమాస్తా వచ్చి సంతకం చూసుకుని, హమ్మయ్య అని పట్టుకుపోయాడు.

గృహప్రవేశానికి వచ్చినవాళ్ళంతా ఆ బొమ్మ ముందు ఆగి, ముందు ఖరీదు అడిగి తరవాత బొమ్మ చూశారని గుమాస్తాయే తరవాత చెప్పాడు. మూడు వైపులా అంచు లేదనీ, కింద మడత ఉందనీ ఎవరూ కనిపెట్టలేదు. నలభై వేలు పెట్టినాయనా కనిపెట్టలేదు. ఆ సంగతి ఊళ్ళో చెబితే ఊరు విరగబడి నవ్వేది, సమ్మెలో ఉన్నవాళ్ళకి అదే కొండంత బలమయ్యేది. ఆ కుర్రాడైతే మైకు పెట్టి చెప్పేవాడు. నేను చెప్పలేదు. షాపు నాకు ముఖ్యమైంది.

ఇంకో రెండు వారాలకి యజమాని ఎక్కడి నుంచో లారీల్లో కూలీలని దింపాడు. ఇళ్ళల్లో గింజలు అయిపోయినవాళ్ళు ఒక్కొక్కరే పాత కూలికే పనిలోకి వెళ్ళారు. మేస్త్రీని మాత్రం మళ్ళీ గేటు లోపలికి రానివ్వలేదు.

ఒక రోజు పొద్దున్న బాబాయ్ షాపుకి వచ్చాడు. భుజాన గుడ్డల మూట, చంకలో తువ్వాలు చుట్టిన ఫ్రేము. కంకిపాడు అవతల వాళ్ళావిడ పుట్టినూళ్ళో కూలి పని చూసుకున్నానన్నాడు. నాన్న కుర్చీ వేశాడు, కూర్చోలేదు.

"పటం మళ్ళీ కదులుతుందమ్మా," అన్నాడు నాతో. "బస్సులో కుదుపులకి అద్దం పగులుద్దేమో. మొన్నటి కాయితం మందంగా ఉంది. అలాంటిదుంటే ఎట్టు."

న్యూసు పేపరు చెమ్మకి మెత్తబడి నలిగిపోయింది. దాన్ని తీసేశాను. బల్ల సొరుగు లాగి, నేను పారేయలేకపోయిన ఆ మూడు అంచులూ బయటికి తీశాను. ఆయన ఒకటి అందుకుని రెండు వేళ్ళ మధ్య రుద్ది చూశాడు.

"అదేనా?"

"అదే బాబాయ్. సంతకం లేదు, అంతే."

"సంతకం మనకెందుకమ్మా. మందం ఉంటే చాలు."

మూడూ కలిపి దూర్చి, మేకులు కొట్టి ఇచ్చాను. ఆయన ఫ్రేముని చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. చప్పుడు లేదు. తువ్వాలు చుట్టుకుని బస్టాండు వైపు వెళ్ళిపోయాడు. ఆ రోజు నేను ఇంకేమీ కొయ్యలేకపోయాను.